మేట్రన్ సొరుగు

మా నాన్నకి ఒక కథ ఉంది. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళు కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే మొదలుపెట్టేస్తాడు. పెళ్ళి పిలుపుకి వచ్చినవాళ్ళైనా, గ్యాస్ సిలిండర్ తెచ్చిన చైనా ఆయనైనా ఆయనకి ఒకటే.

"మా సెల్లెలు పాపమ్మ ఉన్నాది కదా, పార్లమెంట్లో కూకున్న మనిసి! పంతొమ్మిదేళ్ళకి నర్సు పని నేర్సుకోడానికి ఇంగ్లండెల్లింది. అక్కడ మేట్రన్ ఒకర్తి. బయటి దేశాల నుంచి వచ్చిన పిల్లలందరి పాస్‌పోర్టులూ తీసీసుకుని సొరుగులో ఎట్టి తాళమేసీసినాది. ఒక్కర్తీ నోరెత్తలేదు. మా పాపమ్మ ఏటి సేసినాది? ఎల్లి ఆ బల్ల మీద కూకుండిపోనాది! తాళం తీస్తేగాని దిగనన్నాది. డ్యూటీ లేదు, తిండి లేదు. ఆకరికి మేట్రనే దిగొచ్చి సొరుగు తీసినాది. ఆ బల్ల మీంచి దిగి తిన్నగా పార్లమెంటుకెల్లినాదనుకో."

కథ సగంలో ఉండగా మా పనివాడు దాలినాయుడు టీ తెచ్చేవాడు. గ్లాసులు పెట్టి, ట్రే చంకలో పెట్టుకుని వెనక్కి షెడ్డులోకి వెళ్ళిపోయేవాడు. దాలినాయుడి పాస్‌పోర్టు మా పూజగదిలో, దేవుడి పటాల కింద అరలో ఉండేది. దానికి తాళం. తాళంచెవి మా నాన్న మొలతాడుకి. ఆ కథా, ఈ తాళమూ ఒకే ఇంట్లో ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఉన్నాయి. మాలో ఒక్కరికీ ఏమీ అనిపించలేదు.

మాది మలేషియాలోని సుంగై పెటానిలో మురుకుల వ్యాపారం. నాన్న ఒకప్పుడు మోటార్ సైకిల్ మీద డబ్బా కట్టుకుని అమ్మినవి, ఇప్పుడు ఇంటి వెనక షెడ్డులో తయారై వ్యాన్‌లో పెనాంగ్‌కీ, బ్రిక్‌ఫీల్డ్స్ కొట్లకీ వెళ్తాయి. వ్యాన్ మా ఆయన శ్రీకుమార్ నడుపుతాడు. లెక్కలూ, ప్యాకింగూ నావి. పిండీ నూనే దాలినాయుడివి, శ్రీకాకుళం నుంచి వచ్చిన మనిషి. గొట్టం పట్టేది ఇండోనేషియా నుంచి వచ్చిన సితి. నాన్న చేసేది ఏమీ లేదు, షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పనివాళ్ళు ఆయన్ని 'తౌకే' అంటారు, ఇక్కడ యజమానిని అలాగే పిలుస్తారు. ఎస్టేట్ కూలీల లైన్లలో పుట్టిన మనిషికి ఆ పిలుపు వినడం ఎంత ఇష్టమో ఆయన మొహం చూస్తే తెలిసిపోయేది.

పోయిన ఏడాది దీపావళి సీజన్‌కి ముందు పాపమ్మత్త వచ్చింది. భర్త పోయాక ఇంగ్లండులో ఒక్కతే ఉంటోంది. మా ఊరి తెలుగు సంఘం వాళ్ళు సన్మానం చేస్తామని పిలిచారు, నాన్న పండగ దాకా ఉండమన్నాడు.

అత్త జీవితమంతా మా హాలు గోడ మీద ఉంది. నర్సు టోపీతో ఒక ఫొటో. ఆసుపత్రి బట్టలుతికేవాళ్ళ సమ్మెలో లారీ ఎక్కి మైకు పట్టుకున్నది ఒకటి. ఉత్తరాన ఏదో మిల్లుల ఊరి నుంచి పార్లమెంటుకి గెలిచినప్పటిది ఇంకొకటి. తన పార్టీ ప్రభుత్వమే యుద్ధానికి వెళ్తానంటే వద్దని ఓటేసి వచ్చి, వానలో గొడుగు లేకుండా నిలబడ్డది మరొకటి. చివరిదానిలో ఓడిపోయి నవ్వుతోంది. పార్టీ టికెట్ ఇవ్వకపోతే సొంతంగా నిలబడి ఓడిందట.

"మంత్రి పదవి ఎందుకివ్వలేదు పాపా నీకు?" అని ఆవిడ వచ్చిన రోజే నాన్న అడిగాడు.

"నోరు మూసుకోమన్నారు అన్నా. నాకు రాలేదు" అంది అత్త. నాన్న ఆ మాటకి పొంగిపోయి పక్కింటి వాళ్ళకి కూడా వెళ్ళి చెప్పొచ్చాడు.

డెబ్భై దాటిన మనిషి. పొట్టి జుట్టు, కాళ్ళకి పెద్ద బూట్లు. కానీ నోరు తెరిస్తే పంతొమ్మిదేళ్ళ ఎస్టేట్ పిల్లే. ఇంగ్లండులో తెలుగు మాట్లాడే అవసరమే రాలేదు కాబట్టి, వెళ్ళేటప్పుడు ఉన్నది ఉన్నట్టుగా దాచుకుంది. మర్నాడు పొద్దున్నే షెడ్డులోకి వచ్చి దాలినాయుడి పక్కన పీట వేసుకుంది.

"ఏ ఊరు నాయనా మీది?"

"ఉద్దానం అమ్మా, సిక్కోలు జిల్లా. అంతా కొబ్బరి తోటలే."

"మాదీ కొబ్బరి తోటేరా! సుంగై సుమున్. మాయమ్మ అచ్చం నీలాగే మాటాడేది."

అంతే, ఇక రోజూ అక్కడే. దాలినాయుడు పిండి కలుపుతుంటే పక్కన కూర్చుని ఎప్పుడో మరిచిపోయిన మాటలు అడిగి చెప్పించుకునేది. ఒక్కో మాట దొరికినప్పుడు చప్పట్లు కొట్టి నవ్వేది. షెడ్డులో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. ఒకరోజు నవ్వుతూనే అడిగింది.

"ఇంటికెప్పుడెల్తావురా?"

దాలినాయుడు పిండిలోంచి చేతులు తీయకుండా నా వైపు చూశాడు.

అత్త రాకముందే, ఆగస్టులో, ఇంటికి వెళ్తానని అడిగాడు నన్ను. వాళ్ళావిడకి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు రక్తం శుభ్రం చేయించాలి. ఫోన్లో ఫొటో చూపించాడు. మంచం మీద కూర్చున్న ఆ మనిషి సగానికి సగం చిక్కిపోయింది. 'ఒక్కపాలి సూసొచ్చెస్తాను అక్కా' అన్నాడు. నేను నాన్నకి చెప్పాను. 'సీజన్ ముందర పంపితే ఆడు మల్లీ వస్తాడేటి? దీపావళి అవనీ, అప్పుడు సూద్దాం' అన్నాడాయన. ఆ మాటే నేను కాస్త మెత్తగా చేసి దాలినాయుడికి చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు బాగా వచ్చు.

ఇప్పుడూ నేనే అందుకున్నాను. "పండగ అయిపోగానే పంపిస్తాం అత్తా. ఇప్పుడు ఆర్డర్లు ఎక్కువ లా" అన్నాను, మాట మెత్తబడడానికి ఇక్కడ అందరూ తగిలించే 'లా' తగిలించి.

"ఆడిని అడిగినానమ్మా" అంది అత్త.

దాలినాయుడు "అదేనమ్మా, పండగయినాక" అని తల వంచుకుని పిండి పిసికాడు. నేను ప్యాకింగ్ బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను, అక్కడ నాకు పనేమీ లేకపోయినా.

ఆయుధపూజ వచ్చింది. మాకు అది పెద్ద పండగ. ముందు రోజే పొయ్యిలు ఆర్పేసి సామానంతా కడుగుతాం. మురుకుల గొట్టాలు, జల్లిగరిటెలు, కొబ్బరి కోరాలు, కత్తులు, తూకం మిషను, వ్యాన్ తాళాలు, అన్నిటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి వరసగా పేరుస్తాం. అన్నీ అయ్యాక నాన్న మొలతాడు తాళంచెవితో అర తీసి, రెండు పాస్‌పోర్టులూ ఇత్తడి పళ్ళెంలో పెట్టి తెచ్చి వ్యాన్ తాళాల పక్కన పెడతాడు. ఎప్పుడు మొదలైందో, ఎందుకో నేను అడగలేదు. వ్యాపారానికి కావలసినవన్నీ పూజలో ఉండాలి, అవీ కావలసినవే. బొట్లు పెట్టేది నేను. దాలినాయుడి నీలం అట్ట మీద ఒకటి, సితి ఆకుపచ్చ అట్ట మీద ఒకటి. ఆ ఏడాదీ ఎప్పటిలాగే, చేతికి అంటిన కుంకుమతో అలవాటుగా పెట్టేశాను.

అందరం నిలబడ్డాం. దాలినాయుడు తలస్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. సితి తలకి ముసుగు సర్దుకుని ఎప్పటిలాగే గుమ్మం అవతల నిలబడింది. అత్త మా నానమ్మ కాలం నాటి పట్టుచీర కట్టింది. నాన్న హారతి ఇచ్చి, "పాపా, పూలు నువ్వెయ్యి" అన్నాడు.

అత్త దోసిట్లో పూలతో వంగి, వంగినది అలాగే ఆగింది.

"ఇయ్యేటన్నా?"

"ఆళ్ళిద్దరి పాస్‌పోర్టులు. నా దగ్గిరైతే పోకుండా ఉంటాయి కదా" అన్నాడు నాన్న. ఆ గొంతులో దాపరికం లేదు. చంటిపిల్లాడు తన బొమ్మ చూపించినట్టు చెప్పాడు. "పనికొచ్చే సామానంతా పూజలో ఎట్టాలి గదా."

అత్త పళ్ళెం వైపు చూసింది. కత్తి, కోరాం, తాళాలు, వాటి వరసలోనే ఇద్దరు మనుషులు. అన్నిటి మీదా ఒకే సైజు బొట్లు. నేను పెట్టినవి.  దాలినాయుడి వైపు చూశాను. చేతులు జోడించి నిలబడ్డాడు. కళ్ళు దేవుడి మీద లేవు, పళ్ళెం మీద ఉన్నాయి. ప్రతి ఏడూ ఈ ఒక్కరోజే అతను తన పాస్‌పోర్టుని చూసుకునేది. అది నాకు అప్పుడు అర్థమైంది.

అత్త పూలు సామాను మీద వేయలేదు. నేల మీద పెట్టి, హారతి కళ్ళకద్దుకుని, తన గదిలోకి వెళ్ళిపోయింది. నాన్న అందరికీ ప్రసాదం పంచి, పళ్ళెం తీసుకెళ్ళి అరలో పెట్టి తాళం వేశాడు.

ఇప్పుడు ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. మా అమ్మాయి నిషా కూడా అలాగే అనుకుంది. పదిహేడేళ్ళది, అత్త పాత ఉపన్యాసాలన్నీ ఫోన్లో చూసింది. ముసలివాళ్ళని చూసుకునే విదేశీ పనివాళ్ళ కాగితాలు ఏజెంట్లు లాక్కుంటున్నారని అత్త పార్లమెంట్లో వేలు చూపించి మాట్లాడినది దానికి నోటికి వచ్చు. ఒకరోజు చూసింది, రెండు రోజులు చూసింది. అత్త ఏమీ అనలేదు. షెడ్డు వైపు రావడం మానేసింది, అంతే. పీట ఖాళీగా ఉండేది. దాలినాయుడు దాన్ని రోజూ తుడిచి వేసేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం మడత పెట్టిన బట్టలు ఇద్దామని అత్త గది దాకా వెళ్ళి ఆగిపోయాను. లోపల నిషా ఉంది. దానికి తెలుగు అర్థమవుతుంది గాని అన్నీ కలిపేసి మాట్లాడుతుంది, అత్తని కూడా తమిళంలో 'పాటీ' అంటుంది, నానమ్మ అని.

"వై యు నెవర్ సే ఎనీథింగ్, పాటీ? తాతకి చెప్పు లా."

అత్త గొంతు వినిపించింది. "మీ తాత నా కన్నా బాగా సదివేవాడు. తెలుసా నీకు?"

"నో."

"ఇంట్లో ఒకల్నే సదివించగలమని మా అయ్య సెప్పినాడు. మీ తాత పుస్తకాలు నా సేతిలో ఎట్టి, గెలలు కోసే కత్తి అట్టుకుని తోటలోకి ఎలిపోనాడు. అప్పటికి ఆడికి మీసం రాలేదు. నా కోసమే ఎల్నాడు. ప్రధానమంత్రిని నిలబెట్టి తప్పు సేసినావని అడిగినాను నేను. ఈ మనిసి ముందర నాకు నోరు రాటంలేదే అమ్మా."

"మరి దాలి అంకుల్?"

 తలుపు సందులోంచి చూస్తే అత్త రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది. గోడ మీది ఫొటోల్లో లారీ ఎక్కిన మనిషి, వానలో నిలబడిన మనిషి, మంచం అంచున ముడుచుకుని కూర్చుంది. నాకు జాలి కలిగిందని చెప్తే బాగుండును. ముందు కలిగింది జాలి కాదు. హమ్మయ్య, ఈవిడ నోరెత్తదు, సీజన్ గట్టెక్కుతుంది అనిపించింది. ఆ మరుక్షణమే నా మీద నాకే రోత పుట్టింది. బట్టలు గుమ్మంలో పెట్టి వచ్చేశాను.

సన్మానం ఆ ఆదివారం. హాలు నిండా జనం. వేదిక మీద అత్త ఫొటోతో పెద్ద బ్యానరు. వచ్చినవాళ్ళందరికీ మా మురుకులే. వెనక బల్లల దగ్గర దాలినాయుడు, సితి పళ్ళాలు సర్దుతున్నారు. నాన్న ముందు వరసలో, కొత్త జరీ అంచు పంచెలో కూర్చున్నాడు. సంఘం అధ్యక్షుడు లెచ్చుమనన్ గారు శాలువా కప్పి, మైకు అత్త చేతికిచ్చి అన్నాడు. "అమ్మా, మీ మేట్రన్ కథ మీ అన్నగారి నోట మేమందరం విన్నాం. ఒక్కసారి మీ నోట వినాలని ఉంది."

చప్పట్లు. నాన్న వెనక్కి తిరిగి అందరినీ చూసుకుని నవ్వాడు.

అత్త మైకు పట్టుకుని లేచింది.

"ఆ కత ఇంక నేను సెప్పను" అంది. "నలబై, యాబై ఏళ్ళు సెప్పినాను. ఓట్లు అడిగినప్పుడూ సెప్పినాను. ఆ మేట్రన్‌ని రాచ్చసిని సేసీసినాను. ఇప్పుడు తలుసుకుంటే ఆవిడ సెడ్డ మనిసి కాదు. పిల్లల పాస్‌పోర్టులు ఎక్కడ పోతాయోనని పద్రంగా సూసుకున్నాది, అంతే. మా ఇంట్లో కూడా అలాగే పద్రంగా సూసుకుంటారు. మా అన్న సూసుకుంటాడు. ఆడి తిండి తిని పెరిగినదాన్ని నేను. మొన్న కళ్ళారా సూసి, ఏటీ అనకుండా ఊరుకున్నాను. అది సెప్దామనే లేసి నిలబడ్డాను."

అని కూర్చుంది.

జనం ఒక్క నిమిషం తికమక పడి, ఆ తరవాత హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. అన్నాచెల్లెళ్ళ ప్రేమ గురించి చెప్పిందనుకున్నారు. నా పక్కనున్నావిడ కళ్ళు తుడుచుకుని, "ఎంత మంచి కుటుంబం మీది" అంది. లెచ్చుమనన్ గారు నాన్నని వేదిక మీదకి రమ్మని పిలిచి ఆయనకీ ఒక శాలువా కప్పాడు. నాన్న కాదనలేక నిలబడ్డాడు. మెడ వంగిపోయింది. ఆ శాలువాలో ఆయన ఎప్పుడూ కనిపించనంత ముసలివాడిలా కనిపించాడు. హాలు చివర ఒక్క మనిషి చప్పట్లు కొట్టలేదు. దాలినాయుడు చేతిలో పళ్ళెంతో అలాగే నిలబడిపోయాడు. అతనికి మాత్రం ప్రతి మాటా అర్థమైంది.

కారులో నాన్న శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇల్లు దగ్గర పడ్డాక మాట్లాడాడు.

"నన్ను ఇంట్లోనే నాలుగు తిట్టుండొచ్చు కదే పాపా."

"తిట్టడం నాకు బాగా వచ్చన్నా. బతుకంతా అదే పని సేసినాను. నీ కాడికొచ్చేసరికి సేతగాలేదు. అందరి ముందరా నీ పరువు తీసినాను, అదైనా తిన్నగా తియ్యలేదు."

"నాకు తెలీలేదే" అన్నాడు నాన్న. శాలువా మడత సర్దుకుని, "తెలుసుకోలేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున పాస్‌పోర్టులు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్విచ్చీ. ఆళ్ళ మొకం నేను సూడలేను." నేనైతే చూడగలను కాబోలు. షెడ్డులోకి వెళ్ళి ముందు దాలినాయుడికి ఇచ్చాను.  క్షమించమంటే మాట చిన్నదైపోతుంది. ఏమీ అనకపోతే ఇంకా చిన్నదాన్నైపోతాను. "టికెట్ శ్రీకుమార్ తీశాడు, ఎల్లుండికి" అని మాత్రం అన్నాను.

దాలినాయుడు నీలం అట్ట అటూ ఇటూ తిప్పాడు. ఏడాదికొకటి చొప్పున పడిన కుంకుమ అట్ట మీద ఎర్రగా, నల్లగా పేరుకుని ఉంది. అతను దాన్ని తుడవలేదు. దేవుడి కుంకుమ కదా, రెండు కళ్ళకీ అద్దుకున్నాడు. సితిది సితి చేతిలో పెట్టి, అక్కడ నిలబడలేక వచ్చేశాను.

వెళ్ళిన తరవాత ఒక్క వాయిస్ మెసేజ్ పెట్టాడు. "సేరినాను అక్కా. మనిసి బాగా తగ్గిపోనాది. కిందటి నెల దాకా లేచి తిరిగేదట. నన్నైతే గుర్తుపట్టినాది." ఇంకేమీ లేదు. నిష్ఠూరం లేదు. మళ్ళీ వస్తానని కూడా లేదు. కిందటి నెల దాకా అన్న మాట దగ్గర ఆపి ఆపి ఎన్నిసార్లు విన్నానో.

ఆ సీజన్ మాకు సగం ఆర్డర్లు తప్పాయి. నాన్న కుర్చీలోంచి లేచి తనే బాణలి ముందు నిలబడ్డాడు. అత్త బూట్లు విడిచి పిండి కలిపింది.  పండగకి రెండు రోజులుందనగా సితి నా దగ్గరికి వచ్చింది. ఆకుపచ్చ అట్ట పాస్‌పోర్టు రుమాలులో చుట్టి తెచ్చి, విప్పింది. అట్ట మీద కుంకుమని సబ్బుతో రుద్దినట్టుంది, కాస్త తెల్లబారింది. ఆమె నమాజు చేసుకునే మనిషి. దాని మీద ఏళ్ళ తరబడి బొట్లు పెట్టింది నేను.

"కాక్, ఇది నువ్వే ఉంచు" అంది మలాయ్‌లో, నన్ను అక్కా అని పిలుస్తూ.

"ఎందుకు? నీది నీ దగ్గరే ఉండాలి."

"నా దగ్గర ఎక్కడ పెట్టను? బీరువా లేదు. తలుపుకి గడియ లేదు."

మేం ఇచ్చిన గదే అది. షెడ్డు వెనక, గోనెసంచుల పక్కన. గడియ మొదట్లో ఉండేది. తెల్లారగట్ల పనికి లేపడానికి అడ్డమని నాన్నే ఊడదీయించాడు. లేపడానికి తలుపు తోసుకుని వెళ్ళేది నేనే. అన్నేళ్ళూ ఒక ఆడమనిషి గడియ లేని తలుపు వెనక పడుకుంది. అది కూడా సితి తనంతట తను చెప్పలేదు, నేను అడిగాను కాబట్టి చెప్పింది.

బాణలి ముందున్న నాన్నకి మలాయ్ మాటలన్నీ వినిపించాయి. పొయ్యి తగ్గించి, ఇంట్లోకి వెళ్ళి, పనిముట్ల డబ్బా తెచ్చాడు. పాత గడియ అందులోనే ఉంది. ఆ గది గుమ్మంలో నేల మీద కూలబడి, తలుపుకి లోపలి వైపు గడియ పెట్టి ఒక్కో మేకూ కొట్టాడు. తను చేస్తానని శ్రీకుమార్ అంటే వద్దన్నాడు. అత్త మేకులు అందించింది.

అయ్యాక లేచి పక్కకి తప్పుకుని, "సూసుకోమను" అన్నాడు నాతో.

సితి పాస్‌పోర్టు పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది. మేం నలుగురం బయట నిలబడ్డాం. ఆమె వెంటనే తీస్తుందనుకున్నాను. తీయలేదు. బాణలిలో నూనె మాడుతున్న వాసన వచ్చింది. అయినా ఎవరూ తలుపు తట్టలేదు.